చక్రానికి చెవి

నా దగ్గరికి మనుషులు రారు.
పసుపు మూతల గొట్టాల్లో
వాళ్ల నెత్తురు వస్తుంది,
ఉలాన్‌బాతర్ చలిలో మూడో అంతస్తు దాకా
ఇంకా గోరువెచ్చగా.

మైనస్ ముప్పై రెండు. కిటికీకి బొగ్గుపొగ
మసిగుడ్డలా అతుక్కుంది.
సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే నా టీ గ్లాసు వణుకుతుంది.
ఎరుపు అడుక్కి దిగుతుంది.
పైన తేరుకున్న ఎండుగడ్డి రంగు సీరంలో
నేను వెతికేది ఆల్ఫా ఫీటో ప్రోటీన్.

దాని సంగతి కాస్త చెప్పాలి.
తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ
మన కాలేయం చేసుకునే సరుకు అది.
పుట్టాక కొన్నాళ్లకే
ఆ విద్య మరిచిపోతుంది. మరవడమే దాని ఆరోగ్యం.
అరవై దాటిన మనిషిలో అది మళ్లీ పొంగిందంటే
లోపల ఏదో
పుట్టకముందటి భాష మాట్లాడుతోందేమోనని అనుమానం.

దమ్దిన్‌జావ్ కాగితం మొదటిసారి వచ్చినప్పుడు
ఎనిమిది వందల నలభై.
మా వైద్యులు గీసుకున్న గీతకు చాలా పైన.
ఆ గీత దిగితేనే మార్పిడి.
లేకపోతే కూతురి పొట్ట కోసీ ఏం లాభం, అన్నారు.

తొడ మొదట్లోంచి సన్నని గొట్టం పంపి
కణితికి కూడు మోసే దారిలో మందు పోసి, మూసేశారు.
ఆరు వందల పది.
మళ్లీ మూశారు.
ఆరు వందల యాభై ఐదు.
ఆ రోజు సంతకం పెట్టబోతే నా కలం రాయలేదు.
చలికి సిరా గడ్డకట్టిందని సర్దిచెప్పుకున్నాను.

ఆ వారమే, అడ్డొచ్చిన నర్సును తప్పించుకుని,
మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చాడాయన,
తన నెత్తురు లెక్కపెట్టేది ఎవరో చూద్దామని.
"ముప్పై ఒక్క ఏళ్లు రైల్వేలో చక్రాలు కొట్టానమ్మా" అన్నాడు.
"పొడుగు కాడ సుత్తి. రైలు ఆగేది పన్నెండు నిమిషాలు.
ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే పగులు."
ఎప్పుడూ నిజమే చెబుతుందా, అని అడిగాను.
"ఎక్కడ! మంచు పట్టిన మంచి చక్రమూ బొంగురుపోతుంది.
పగిలింది ఒక్కోసారి మఠం గంటలా మోగుతుంది."
మరి?
"మళ్లీ కొట్టి వినడమే."
వెళ్తూ వెళ్తూ
నా యంత్రాన్ని వేలిముడితో ఓసారి తట్టి, చెవి పెట్టి,
"పర్వాలేదు" అన్నాడు.

రెండు వందల తొంభై. తొంభై ఆరు.
మే నెలలో, గాలిదుమారం రోజున,
అరియున్‌జుల్ కాలేయంలో సగానికి పైగా
తండ్రి పక్కటెముకల కిందికి చేరింది.
తర్వాత ఐదారు రోజులకోసారి అంకె సగమైంది:
నలభై ఏడు, ఇరవై రెండు, పది,
నాలుగు.
నాలుగు వచ్చిన రోజు
భోజనాల గదిలో అందరికీ మాంసం బూజ్‌లు నేనే కొన్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.

అరియున్‌జుల్ ట్రాలీబస్సు నడుపుతుంది.
శీతాకాలానికల్లా మళ్లీ స్టీరింగ్ పట్టింది.
నేను ఇంటికెళ్లేది ఆ బస్సులోనే.
నేనెవరో ఆమెకు తెలియదు.
గేరు పెట్టెకు వేలాడే నీలం పట్టుగుడ్డనీ
బ్రేకు తొక్కినప్పుడు
కుడి డొక్క మీదికి చేరే ఆమె ఎడమ చేతినీ
వెనక నిలబడి చూస్తాను.

మూడు పాయింట్ ఎనిమిది.
నాలుగు పాయింట్ ఒకటి.
ఆరు పాయింట్ తొమ్మిది.
ఇవాళ, పదకొండు పాయింట్ రెండు.

కాగితం మీద అంకె పక్కన చిన్న నక్షత్రం.
యంత్రం తప్పు కావచ్చు. కొత్త కాలేయానికి వాపు కావచ్చు.
మంచు కావచ్చు.
ఫోను ఎత్తాను, పెట్టేశాను.
అడుగున ఇంకొంచెం సీరం మిగిలింది.
మళ్లీ కొడుతున్నాను.

పద్దెనిమిది నిమిషాలు పడుతుంది.
గోటితో కిటికీ మసి కాస్త గీకాను.
కింద నాలుగు రోడ్ల మధ్య ఒక ట్రాలీబస్సు ఆగిపోయింది.
పైతీగ నుంచి కడ్డీ జారింది.
డ్రైవరు దిగి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని,
తాడు పట్టి లాగుతూ
తీగను వెతుకుతోంది. తప్పింది. మళ్లీ.
ఆమేనో కాదో ఈ పొగలో తెలియడం లేదు.
వెనక బళ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.